ఇంట్లో చేసుకునే సర్క్యూట్ బోర్డు: ఫైలు రూపం మారినప్పుడు ఏది పోతుంది, ఏది మిగులుతుంది?

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల ప్రాంతాల నుంచి వచ్చిన ప్రశ్నల్లో చాలా భాగం సొంతంగా సర్క్యూట్ బోర్డు తయారు చేసుకునేవారివే కావడంతో ఈ నెల శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము. రాగిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్ గురించో టంకం గురించో అడిగినవారు వీరిలో తక్కువ. ఒక సాఫ్ట్‌వేర్‌లో గీసిన డిజైన్‌ను మరొక సాఫ్ట్‌వేర్‌లోకి, అక్కడి నుంచి కాగితం మీదికి తెచ్చేసరికి ఎక్కడో తేడా వస్తున్నదని రాసినవారే ఎక్కువ.

ప్రశ్న: అయ్యా, నేను రైస్ మిల్లుల్లో ఎలక్ట్రికల్ పనులు చేస్తాను. బోరు మోటారు ఆటో స్టార్టర్ బోర్డు డిజైన్ ఒకటి హైదరాబాద్‌లో ఉన్న మిత్రుడు పంపాడు. అది ఈగిల్ ఫైలు, పేరు చివర బీఆర్‌డీ అని ఉంది. నా కంప్యూటర్‌లో కీక్యాడ్ మాత్రమే ఉంది. దానిలోకి మార్చుకోవచ్చా? మారిస్తే డిజైన్ చెడిపోతుందా? – ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మార్చుకోవచ్చు. ఈగిల్, కీక్యాడ్ రెండూ సర్క్యూట్ బోర్డు డిజైన్ గీసే సాఫ్ట్‌వేర్లే; బీఆర్‌డీ అంటే ఈగిల్ బోర్డు ఫైలు. ఈగిల్‌ను 2016లో ఆటోడెస్క్ సంస్థ కొనుగోలు చేసింది. 2026 జూన్ 7 తరువాత దాన్ని అమ్మబోమని, మద్దతు కూడా ఇవ్వబోమని 2023లోనే ప్రకటించింది. కనుక పాత ఈగిల్ డిజైన్లు దగ్గర పెట్టుకున్నవారంతా ఎప్పుడో ఒకప్పుడు ఈ పని చేసుకోవలసినవారే.

మొదట చూడవలసింది ఆ ఫైలు ఏ కాలానిది అన్నది. ఈగిల్ ఆరో వెర్షన్ నుంచి ఫైళ్లు ఎక్స్‌ఎంఎల్ అనే పాఠ్య రూపంలో ఉంటున్నాయి. అంతకు ముందువి బైనరీ ఫైళ్లు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. మొదటి వరుసలోనే ఎక్స్‌ఎంఎల్ అన్న అక్షరాలు కనిపిస్తే కీక్యాడ్ దాన్ని తీసుకుంటుంది. అర్థం కాని గుర్తులు వరుసగా కనిపిస్తే తీసుకోదు. అప్పుడు మీ మిత్రుడినే ఆరో వెర్షన్‌లో గాని ఆ తరువాతి దానిలో గాని తెరిచి, మళ్లీ సేవ్ చేసి పంపమనాలి. అడుగుతున్నప్పుడే స్కీమాటిక్ (ఏ భాగం దేనికి కలుస్తుందో చూపే సర్క్యూట్ బొమ్మ) ఉన్న ఎస్‌సీహెచ్ ఫైలును కూడా అడగండి. రెండూ ఒకే పేరుతో ఒకే ఫోల్డర్‌లో ఉంటే కీక్యాడ్ ప్రాజెక్టు విండోలోని ఫైల్ మెనూ నుంచి మొత్తం ఈగిల్ ప్రాజెక్టును ఒకేసారి దిగుమతి చేసుకోవచ్చు. బోర్డు ఫైలు ఒక్కటే ఉన్నప్పుడు, కీక్యాడ్‌లో బోర్డు గీసే భాగమైన పీసీబీ ఎడిటర్‌ను ఏ ప్రాజెక్టూ లేకుండా విడిగా తెరిచి దిగుమతి చేసుకోవాలి. ప్రాజెక్టు లోపలి నుంచి తెరిచినవారికి ఆ మెనూ కనిపించకపోవడంతో అసలు ఆ సౌకర్యమే లేదని అనుకుంటారు.

డిజైన్ చెడిపోతుందా అన్నారు. ట్రాకులు (రాగి దారులు), ప్యాడ్‌లు (విడిభాగాల కాళ్లకు టంకం పెట్టే రాగి చుక్కలు), రంధ్రాలు, వాటి కొలతలు సాధారణంగా భద్రంగానే వస్తాయి. జాగ్రత్త పడవలసినవి రెండు. గ్రౌండ్ కోసం బోర్డు నిండా పరిచే రాగి భాగాన్ని ఈగిల్ నిండిన రూపంలో దాచదు, దాని సరిహద్దు గీతను మాత్రమే దాస్తుంది. కీక్యాడ్‌లోకి వచ్చిన తరువాత మీరు బీ మీట నొక్కి ఆ భాగాన్ని నింపాలి. అది మరచి ప్రింట్ తీస్తే చూడడానికి శుభ్రంగా ఉన్న బోర్డే వస్తుంది కాని దానిలో గ్రౌండ్ ఉండదు. నింపిన వెంటనే, బోర్డులో తప్పులను సాఫ్ట్‌వేరే వెతికే డిజైన్ రూల్ పరీక్ష నడిపి, కలవకుండా మిగిలిన కనెక్షన్లు ఏవైనా ఉన్నాయేమో చూడండి.

రెండో విషయం మీ బోర్డుకు మరీ ముఖ్యం. ఆటో స్టార్టర్ అంటే మూడు ఫేజుల 415 వోల్టులు వచ్చే చోటు. ఇటువంటి బోర్డుల్లో రిలే కాళ్ల మధ్య, ఫేజు ట్రాకుల మధ్య బోర్డునే సన్నగా చీల్చి గాడి పెడతారు. ఈగిల్‌లో ఆ గాడిని చాలామంది మిల్లింగ్ అనే 46వ పొర మీద గీస్తారు; బోర్డు అంచు మాత్రం 20వ పొర మీద ఉంటుంది. దిగుమతి సమయంలో ఏ పొర దేనికి సరిపోతుందో కీక్యాడ్ అడుగుతుంది. అక్కడ 46వ పొరను బోర్డు అంచుల పొరకు జత చేయకపోతే గాడి ఎవరికీ కనిపించని పొరలోకి పోతుంది, మీరు గాడి లేని బోర్డు తయారు చేస్తారు. ఇంట్లో చేసే బోర్డుకు పచ్చని సోల్డర్ మాస్క్ పూత కూడా ఉండదు కనుక, బోరు డబ్బాలోకి చేరే తేమను తలచుకుంటే ఆ గాడి మానేయదగినది కాదు. హాక్సా బ్లేడుతోనైనా కోసి తీరాలి, బోర్డు బిగించిన తరువాత రాగి వైపు వార్నిష్ పట్టించాలి.

ప్రశ్న: సార్, నేను డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్నెట్‌లో దొరికిన ఒక పవర్ సప్లై ప్రాజెక్టుకు గెర్బర్ జిప్ ఫైలు మాత్రమే ఇచ్చారు. దీన్ని కీక్యాడ్ డిజైన్‌గా మార్చి కొన్ని మార్పులు చేయాలని ఉంది. మార్చిన తరువాత రంధ్రాలన్నీ ఒక మూలకు చేరాయి. ఎందుకు? – ఒక విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: మీ ప్రశ్నలో రెండు ప్రశ్నలు ఉన్నాయి. ఒకటి గెర్బర్ స్వభావానికి, రెండోది డ్రిల్ ఫైలులోని సున్నాలకు సంబంధించింది.

గెర్బర్ అనేది అమెరికాలోని గెర్బర్ సంస్థ తన ఫొటోప్లాటర్ యంత్రాల కోసం రూపొందించిన ఫైలు రూపం. ఆ యంత్రం చీకటి గదిలో ఫిల్మ్ మీద కాంతితో గీసేది. కాంతి ఒక చిన్న కంత గుండా పడుతుంది. కంత నిలిచి ఉండి ఒకసారి మెరిస్తే ప్యాడ్ పడుతుంది, కదులుతూ వెలిగితే ట్రాక్ పడుతుంది. నేటికీ గెర్బర్ ఫైలులో ఉన్నది ఇంతే: ఏ ఆకారపు కంత, ఎక్కడికి కదలాలి, ఎక్కడ వెలగాలి. అది ఐసీ కాలా, రెసిస్టర్ కాలా అన్నది సాధారణ గెర్బర్ ఫైలుకు తెలియదు. 1998లో వచ్చిన ఆర్‌ఎస్-274ఎక్స్ రూపంలో కంతల కొలతలు అదే ఫైలులో చేర్చారు. 2014లో వచ్చిన ఎక్స్2 రూపంలో ఈ ఫైలు ఏ పొరది, ఈ ప్యాడ్ ఎటువంటిది అన్న వివరాలు కూడా చేర్చే వీలు కలిగింది. ఆర్‌ఎస్-274డీ అనే పాత రూపంలో కంతల జాబితా వేరే ఫైలుగా ఉండేది. అది పోగొట్టుకున్న పాత ప్రాజెక్టులు నేటికీ కనిపిస్తుంటాయి. వాటిలో ట్రాకులు ఎక్కడున్నాయో తెలుస్తుంది గాని ఎంత వెడల్పో తెలియదు.

అందువల్ల గెర్బర్ నుంచి కీక్యాడ్‌కు వెనక్కి రావడం పోచంపల్లి చీరను చూసి గ్రాఫ్ కాగితం గీసుకోవడం వంటిది: గళ్లు లెక్కపెట్టి నమూనాను దించవచ్చు, నూలును ఏ వరుసలో కట్టి ఏ రంగులో ముంచారన్నది మాత్రం చీర చెప్పదు. కీక్యాడ్‌తో వచ్చే గెర్బ్‌వ్యూలో ఫైళ్లన్నీ తెరిచి పీసీబీ ఎడిటర్‌కు ఎగుమతి చేసే సౌకర్యం ఉంది. వచ్చే ఫైలులో గీతలు, ఆకారాలు ఉంటాయి. విడిభాగాల పేర్లు, స్కీమాటిక్‌తో సంబంధం, ఏ ట్రాక్ ఏ నెట్‌కు (ఒకటిగా కలవవలసిన కనెక్షన్ల సమూహానికి) చెందిందన్న సమాచారం ఉండవు. ఒక రంధ్రాన్ని పెద్దది చేయడానికో, బోర్డు మీద మీ పేరు చేర్చడానికో అది చాలు. వోల్టేజ్ రెగ్యులేటర్‌నే మార్చాలనుకుంటే మాత్రం, ఆ ఆకారాలను కింద ఆధారంగా పెట్టుకొని స్కీమాటిక్‌ను మళ్లీ గీయడమే నా సలహా. పవర్ సప్లై వంటి చిన్న బోర్డుకు అది ఒక సాయంత్రం పని. ఎగుమతి చేసిన గీతలను సరిదిద్దుతూ కూర్చుంటే అంతకంటే ఎక్కువ సమయమే పడుతుంది.

ఇక రంధ్రాలు. అవి గెర్బర్‌లో కాకుండా ఎక్సెలాన్ అనే వేరే రూపంలో వస్తాయి. పాత పద్ధతిలో ఈ ఫైలులోని అంకెల మధ్య దశాంశ బిందువు ఉండదు, పైగా ఫైలు చిన్నదిగా ఉండడానికి ముందున్న సున్నాలనో చివరి సున్నాలనో తీసేస్తారు. మిల్లీమీటర్లలో బిందువుకు ముందు మూడు, తరువాత మూడు అంకెల పద్ధతి తీసుకుందాం. 2.54 మిల్లీమీటర్ల దూరాన్ని పూర్తిగా రాస్తే 002540 అవుతుంది. చివరి సున్నా తీసేస్తే 00254. దీన్ని చదివే సాఫ్ట్‌వేర్ తీసేసినవి ముందు సున్నాలని పొరబడితే అదే అంకెను 0.254 మిల్లీమీటర్లుగా చదువుతుంది. ఇలా దూరాలన్నీ కుదించుకుపోతే రంధ్రాలు మూలబిందువు (దూరాలు లెక్కించడం మొదలయ్యే చోటు) వైపు గుమిగూడక ఏం చేస్తాయి? ఈ లక్షణం మరొక కారణం వల్ల కూడా రావచ్చు: ఫైలు అంగుళాల్లో ఉండి, మీరు మిల్లీమీటర్లుగా తెరిస్తే దూరాలు 25.4వ వంతుకు తగ్గిపోతాయి.

గెర్బ్‌వీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో డ్రిల్ ఫైలుకు యూనిట్లను, సున్నాల పద్ధతిని, అంకెల సంఖ్యను చేత్తో మార్చి చూడవచ్చు. రంధ్రాలు ప్యాడ్‌ల మధ్యలో సరిగ్గా కూర్చున్న అమరికే సరైనది. పరిమాణం సరిగానే ఉండి రంధ్రాలన్నీ ఒకే దిశలో ఒకే దూరం జరిగి ఉంటే అది వేరే లోపం: గెర్బర్‌ను ఒక మూలబిందువు నుంచి, డ్రిల్‌ను మరొక మూలబిందువు నుంచి తీశారన్నమాట. రేపు మీరే ఇతరులకు ఫైళ్లు ఇచ్చేటప్పుడు డ్రిల్ ఎగుమతిలో సున్నాల దగ్గర దశాంశ పద్ధతిని ఎంచుకోండి, రెండింటికీ ఒకే మూలబిందువు పెట్టండి.

ప్రశ్న: మా కాలేజీలో ప్రోటియస్ అనే సర్క్యూట్ డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్పారు. ఆ ఫైలును కీక్యాడ్‌లో తెరవవచ్చా? – ఒక విద్యార్థిని, నాగర్‌కర్నూల్

జవాబు: నేరుగా తెరవలేరు. బోర్డు తయారీ మాత్రమే మీ అవసరమైతే కీక్యాడ్‌తో పనే లేదు. ప్రోటియస్ నుంచే గెర్బర్, డ్రిల్ ఫైళ్లు తీసుకోండి, ప్రింటుకు పీడీఎఫ్ తీసుకోండి. కాలేజీ కంప్యూటర్ చేతిలో ఉన్నప్పుడే స్కీమాటిక్‌ను కూడా పీడీఎఫ్‌గా దాచుకోవడం మంచిది. చదువు ముగిసిన తరువాత ప్రాజెక్టు ఫైలు మీ దగ్గర ఉన్నా దాన్ని తెరిచే లైసెన్సు ఉండకపోవచ్చు.

ప్రశ్న: నేను గ్లాసీ కాగితం మీద లేజర్ ప్రింట్ తీసి ఇస్త్రీ పెట్టెతో బోర్డు చేశాను. ఎచింగ్ (అక్కరలేని రాగిని కరిగించడం) బాగా వచ్చింది కాని ఐసీ పెట్టబోతే కాళ్లన్నీ అటుదిటైనాయి. ప్రింట్‌లో బొమ్మను అద్దంలోలా తిప్పే మిర్రర్ పెట్టాలని ఒకరు, పెట్టకూడదని ఒకరు చెబుతున్నారు. ఏది నిజం? – ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: ఇద్దరూ నిజమే చెప్పారు, కాని వేర్వేరు బోర్డుల గురించి చెప్పారు.

డిజైన్ సాఫ్ట్‌వేర్లన్నీ బోర్డును పై నుంచి, అంటే విడిభాగాలు కూర్చునే వైపు నుంచి చూపిస్తాయి. కింది రాగి పొరను కూడా బోర్డు గాజుతో చేసినట్టుగా పై నుంచే చూపిస్తాయి. రంధ్రాల్లో కాళ్లు దూర్చే విడిభాగాలతో ఒకే వైపు రాగి ఉన్న బోర్డులో ట్రాకులు కింది పొరలో ఉంటాయి కనుక, తెర మీద మీరు చూస్తున్నదే తిరగబడిన బొమ్మ. కింది పొరలో సరిగా రాసిన అక్షరం తెర మీద అద్దంలో అక్షరంలా కనిపించడానికి కారణం ఇదే. దాన్ని ఉన్నదున్నట్టు ప్రింట్ తీసి, టోనర్ వైపు రాగికి ఆనించి ఇస్త్రీ చేసినప్పుడు బొమ్మ ఇంకొకసారి తిరగబడి సరైన దిశకు వస్తుంది. కనుక ఈ బోర్డుకు మిర్రర్ పెట్టకూడదు. ఉపరితలం మీదే అతికించే చిన్న ఎస్‌ఎండీ విడిభాగాలతో పై పొరలో ట్రాకులు గీసినప్పుడు తెర మీద బొమ్మ నేరుగా ఉంటుంది. ఇస్త్రీలో అది తిరగబడుతుంది. కాబట్టి దానికి మిర్రర్ పెట్టి తీరాలి.

ఇన్ని తిరగబడడాలను గుర్తు పెట్టుకోవడం కంటే, రాగి పొరలో ఒక మూల రెండు అక్షరాలు రాసి ఉంచడం సులువు. కీక్యాడ్‌లో కింది పొర మీద రాసే అక్షరాలను తిప్పిన రూపంలోనే ఉంచండి, సరిచేయడానికి పూనుకోకండి. ప్రింట్ చేతికి రాగానే చూడండి: కాగితం మీద అక్షరాలు తిరగబడి ఉంటే ఇస్త్రీ చేయవచ్చు, నేరుగా చదవగలిగితే ఆ కాగితాన్ని పక్కన పెట్టాలి. ఫొటోరెసిస్ట్ ఫిల్మ్ వాడేవారికీ ఇదే నియమం, ఎందుకంటే వారు కూడా సిరా ఉన్న వైపును రాగికి ఆనిస్తారు. వారికి ఇంకొక తేడా ఉంది. మార్కెట్‌లో చుట్టగా దొరికే డ్రై ఫిల్మ్ కాంతి పడిన చోట గట్టిపడుతుంది కనుక ట్రాకులు పారదర్శకంగా, మిగిలిన భాగం నల్లగా ఉండాలి. గింప్ వంటి సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ నలుపు తెలుపులను తారుమారు చేసి ప్రింట్ తీయాలి. టోనర్ పద్ధతిలో నల్లగా ఉన్నదే మిగులుతుంది కాబట్టి ఆ అవసరం లేదు.

తిరగబడిన మీ బోర్డును వెంటనే పారేయకండి. విడిభాగాలను రాగి వైపు నుంచే అమర్చితే కాళ్ల వరుస సరిపోతుంది. ఐసీని, రెసిస్టర్లను కొంచెం ఎత్తులో నిలిపి రాగి వైపే టంకం పెట్టవచ్చు. రిలేలు, స్క్రూ కనెక్టర్ల వంటివి ప్యాడ్‌లను కప్పేస్తూ కూర్చుంటాయి కనుక అవి ఉన్న బోర్డుకు మాత్రం ఈ ఉపాయం పనికిరాదు.

ప్రశ్న: పీడీఎఫ్‌ను జిరాక్స్ షాపులో ప్రింట్ తీయిస్తే ప్రతిసారీ కొలత కొద్దిగా తేడా వస్తున్నది. చిన్న ఐసీలు సరిపోతున్నాయి, 40 కాళ్ల ఐసీ సాకెట్ మాత్రం దూరడం లేదు. ఫైలు మార్చడంలోనే తప్పు ఉందా? – ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: ఫైలులో కాకుండా ప్రింట్ తీసే కంప్యూటర్‌లో తప్పు ఉండే అవకాశమే ఎక్కువ. పీడీఎఫ్ తెరిచే సాఫ్ట్‌వేర్లు చాలా వరకు పేజీని కాగితానికి సరిపడేలా కుదించే ఎంపికతో ప్రింట్ తీస్తాయి. షాపులో రద్దీగా ఉన్నప్పుడు ఆ పిల్లవాడు డైలాగు బాక్సును చదవడు, ఓకే నొక్కుతాడు. అసలు పరిమాణం లేదా 100 శాతం అని మీరే పక్కన నిలబడి ఎంచుకోమనాలి. టోనర్ ఆదా చేసే ఎంపికను కూడా తీసేయమనాలి.

మీరు గమనించినది లెక్కకు సరిగ్గా సరిపోతుంది. ఐసీ కాళ్ల మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు. 8 కాళ్ల ఐసీలో ఒక వైపు మొదటి కాలి నుంచి చివరి కాలికి 7.62 మిల్లీమీటర్లు మాత్రమే. ప్రింట్ 97 శాతానికి కుదించుకుపోయినా తేడా మిల్లీమీటరులో పావు వంతుకు మించదు, రంధ్రం కాస్త వదులుగా ఉంటే కాళ్లు దూరిపోతాయి. 40 కాళ్ల ఐసీలో అదే దూరం 48.26 మిల్లీమీటర్లు, 97 శాతంలో అది 46.81 అవుతుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల తేడాను ఏ సాకెట్ భరించదు. అందుకే ఎచింగ్‌కు ముందు మామూలు కాగితం మీద ప్రింట్ తీసి, బోర్డులోని అన్నిటికంటే పొడవైన ఐసీనో కనెక్టర్‌నో దాని మీద గుచ్చి చూడాలి. నిలువు కొలత, అడ్డు కొలత రెండూ స్కేలుతో చూడండి. కాగితం లాగే దిశలో కొన్ని లేజర్ ప్రింటర్లు కొద్దిగా సాగదీస్తాయి. అటువంటి ప్రింటర్ మీ పాలిట పడితే, కీక్యాడ్‌లో పోస్ట్‌స్క్రిప్ట్‌గా ప్లాట్ చేసేటప్పుడు అడ్డం, నిలువు కొలతలను వేర్వేరుగా సవరించే గడులు ఉంటాయి, వాటిని వాడవచ్చు.

షాపుకు ఫైలు ఎలా పంపుతున్నారన్నది కూడా చూసుకోండి. బోర్డు బొమ్మను వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించుకుపోయి, అసలు కొలత ఎంతో చెప్పే సమాచారం దానిలో మిగలదు. పీడీఎఫ్‌ను డాక్యుమెంట్‌గా పంపాలి, లేదా పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లాలి. పీడీఎఫ్ తీసేటప్పుడు నలుపు తెలుపు ఎంపికతో కింది రాగి పొరను, అంచుల పొరను మాత్రమే ఉంచి, రంధ్రాల గుర్తులను చిన్నవిగా పెట్టండి. ప్యాడ్ మధ్యలో రాగి లేని ఆ చిన్న చుక్క ఉంటే చేతి డ్రిల్లు పక్కకు జారకుండా అక్కడే నిలుస్తుంది.

ప్రశ్న: నాకు అరవై దాటినవి. రేడియో, టీవీ రిపేరు చేసేవాడిని. పాత ఎలక్ట్రానిక్స్ పత్రికల్లో అచ్చైన బోర్డు బొమ్మలు నా దగ్గర చాలా ఉన్నవి. మనవడు వాటిని ఫోనుతో ఫొటో తీసి జేపీజీగా ఇచ్చాడు. ఈ జేపీజీని గెర్బర్‌గా మార్చే ఉపాయం ఉందా? – ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: ఉపాయం ఉంది గాని, పెద్దవారైన మీకు దాన్ని నేను సిఫారసు చేయను, మీ చేతిలో అంతకంటే మేలైన దారి ఉంది.

ముందుగా ఫోను ఫొటోను పక్కన పెట్టండి. ఫోను కాస్త వంగినా బొమ్మ ఒక వైపు వెడల్పుగా, మరొక వైపు ఇరుకుగా వస్తుంది. దాన్ని సరిచేయడం కష్టం. స్కానర్ మీద 600 డీపీఐతో స్కాన్ చేయించి, జేపీజీగా కాకుండా పీఎన్‌జీగా దాచమనండి. జేపీజీ కుదింపు గీతల అంచుల వెంట బూడిద రంగు మచ్చలు వేస్తుంది. తరువాత బొమ్మను పూర్తి నలుపు, పూర్తి తెలుపుగా విడగొట్టినప్పుడు ఆ మచ్చలు గీతల మధ్య వంతెనలుగా మారగలవు. 600 డీపీఐ అంటే ఒక చుక్క 0.042 మిల్లీమీటర్లు, పావు మిల్లీమీటరు ట్రాక్‌కు అడ్డంగా ఆరు చుక్కలు పడతాయి. పాత పత్రికల్లోని ట్రాకులు సాధారణంగా ఇంకా వెడల్పే కనుక ఇది చాలు.

బొమ్మను అచ్చులో ఉన్నట్టే బోర్డు మీదికి దించడమే మీ ఉద్దేశమైతే గెర్బర్ దాకా పోనక్కర లేదు. శుభ్రం చేసిన పీఎన్‌జీని సరైన కొలతతో ప్రింట్ తీస్తే సరిపోతుంది. అయితే ఆ బొమ్మ రాగి వైపు నుంచి చూపినదా, విడిభాగాల వైపు నుంచి చూపినదా అన్నది ముందే తేల్చుకోవాలి. ఐసీ కాళ్ల సంఖ్యలు పై నుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురు దిశలో, రాగి వైపు నుంచి చూస్తే ముల్లు దిశలో నడుస్తాయని మీకు నేను చెప్పనక్కర లేదు. స్కీమాటిక్ చూసి సరఫరా వచ్చే కాలును గుర్తు పట్టి, బొమ్మలో అది ఎటు వైపు ఉందో చూస్తే విషయం తేలుతుంది. రాగి వైపు నుంచి చూపిన బొమ్మకు ఇస్త్రీ పద్ధతిలో మిర్రర్ పెట్టాలి.

బొమ్మను మార్చుకోవాలని, విడిభాగాల జాగా సవరించాలని ఉంటే కీక్యాడ్ ఏడో వెర్షన్ నుంచి పీసీబీ ఎడిటర్‌లో ఒక బొమ్మను వెనుక ఆధారంగా పెట్టుకునే సౌకర్యం ఉంది. దాన్ని 2.54 మిల్లీమీటర్ల ఐసీ కాళ్లకు సరిపడేలా పెద్దది చిన్నది చేసి, దాని మీద విడిభాగాలు పెట్టి ట్రాకులు గీయండి. కీక్యాడ్‌లో బొమ్మను ఆకారంగా మార్చే ఇమేజ్ కన్వర్టర్ కూడా ఉంది, కాని అది లోగోల కోసం ఉద్దేశించినది. దానితో బోర్డంతటినీ మారిస్తే వచ్చేది ఒకే నల్లని ఆకారం. ఏ గీత దేనికి కలవాలో, కలవకూడదో సాఫ్ట్‌వేర్ పరీక్షించలేదు. ఇన్నేళ్లు సర్క్యూట్లు చదివిన మీకు స్కీమాటిక్ గీయడం కష్టం కాదు, మౌసు పట్టే పని మనవడికి ఇవ్వండి.

ప్రశ్న: నా దగ్గర కంప్యూటర్ ఆదేశాలతో నడిచే చిన్న సీఎన్‌సీ చెక్కే యంత్రం ఉంది, జీఆర్‌బీఎల్ అనే నియంత్రణ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. రసాయనాలు లేకుండా బోర్డు చెక్కాలంటే గెర్బర్‌ను జీ-కోడ్‌గా (యంత్రాన్ని కదిలించే ఆదేశాలుగా) ఎలా మార్చాలి? ఒకసారి ప్రయత్నిస్తే ట్రాకులు సగం కొట్టుకుపోయాయి, రంధ్రాల దగ్గర యంత్రం ఎర్రర్ చూపి ఆగింది. – ఒక పాఠకుడు, గద్వాల

జవాబు: ఫ్లాట్‌క్యామ్ గాని పీసీబీ2జీకోడ్ గాని వాడండి, రెండూ ఉచితం. కీక్యాడ్ నుంచి గెర్బర్, ఎక్సెలాన్ ఫైళ్లు తీసి వాటికి ఇస్తే, ప్రతి ట్రాక్ చుట్టూ రాగిని గీకి వేరు చేసే దారిని అవి లెక్కిస్తాయి. ఒకే వైపు రాగి ఉన్న బోర్డులో మీరు రాగి వైపు నుంచి చెక్కుతారు కనుక, ఇక్కడ కింది పొరను తప్పక మిర్రర్ చేయాలి. కాగితంలా తిప్పి ఆనించడం ఇక్కడ లేదు. రంధ్రాల ఫైలును కూడా అదే అక్షం మీద తిప్పాలి. ఒకటి తిప్పి మరొకటి మరచినవారి బోర్డులో ఒక్క రంధ్రం కూడా ప్యాడ్ మీద పడదు.

ట్రాకులు కొట్టుకుపోవడానికి కారణం మీరు సాఫ్ట్‌వేర్‌కు చెప్పిన బిట్టు వెడల్పు. వీ ఆకారపు బిట్టుకు స్థిరమైన వెడల్పు లేదు, లోతు పెరిగే కొద్దీ అది పెరుగుతుంది. కొన 0.1 మిల్లీమీటర్లు, మొత్తం కోణం 30 డిగ్రీలు ఉన్న బిట్టు 0.1 మిల్లీమీటర్ల లోతులో సుమారు 0.15 మిల్లీమీటర్ల వెడల్పున చెక్కుతుంది, 0.2 లోతులో అది 0.2 దాటుతుంది. పెట్టె మీద రాసిన 0.1ను సాఫ్ట్‌వేర్‌లో ఇచ్చి లోతుగా చెక్కితే అదనపు వెడల్పు మీ ట్రాకులోంచే పోతుంది. సాధారణ బోర్డు మీద రాగి మందం 35 మైక్రాన్లే, అంటే 0.035 మిల్లీమీటర్లు. అంత లోతు చాలదా అంటే, బోర్డు సంపూర్ణంగా చదునుగా ఉంటే చాలును, కాని ఏ బోర్డూ అలా ఉండదు. బోర్డు ఎత్తుపల్లాలను ముందే కొలిచి జీ-కోడ్‌ను సవరించే సౌకర్యం కొన్ని నియంత్రణ సాఫ్ట్‌వేర్లలో ఉంది. అది వాడితే 0.1 లోతుతో నిశ్చింతగా పని జరుగుతుంది.

రంధ్రాల దగ్గర ఆగడానికి కారణం జీ81 అనే ఆదేశం అయి ఉండాలి. ఒకే ఆదేశంతో రంధ్రం వేసి పైకి వచ్చే ఆ సౌకర్యం పెద్ద యంత్రాలకు తెలుసు, జీఆర్‌బీఎల్‌కు తెలియదు. ఎగుమతి సమయంలో జీఆర్‌బీఎల్‌కు సరిపడే రూపాన్ని ఎంచుకుంటే అదే కదలికను జీ0, జీ1 ఆదేశాలుగా విడగొట్టి రాస్తుంది. ఫైలు మొదట్లో జీ21 ఉందో లేదో కూడా చూడండి. అది మిల్లీమీటర్లకు గుర్తు. జీ20 ఉంటే అంకెలు అంగుళాలవి. మొదటిసారి బిట్టును బోర్డుకు బాగా పైన గాలిలో నిలిపి మొత్తం ఫైలును ఒకసారి నడిపించి, అది తిరిగే జాగా మీ బోర్డు కొలతకు సరిపోయిన తరువాతే కిందికి దించండి. ఎఫ్‌ఆర్4 అనే రకం బోర్డులో గాజు పీచు ఉంటుంది కనుక చెక్కేటప్పుడు మాస్కు కట్టుకోండి, ఆ పొడిని చీపురుతో ఊడ్చకుండా తడి గుడ్డతో తుడవండి.